బీకాం మొదటి సంవత్సరం: వ్యాపారం, ఆర్థికశాస్త్రం, బీమా, కంప్యూటర్ పాఠాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ ప్రవేశాలు మొదలైన నాటి నుంచి మొదటి ఏడాది పరీక్షలు ముగిసే దాకా విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ ఏటా ఇవే సందేహాలతో వస్తుంటారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో బీకాం చదివేవారిని దృష్టిలో పెట్టుకుని వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాం కాబట్టి కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లవచ్చు. ఏ సెమిస్టర్‌లో ఏ పాఠం వస్తుందన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. పాఠంలోని విషయం మాత్రం దాదాపు అంతటా ఒకటే.

## చేరే ముందు

నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివాను. బీకాంలో చేరితే సీఈసీ వాళ్లకంటే వెనకబడిపోతానా?

మొదటి రెండు నెలలు కొంత తేడా కనిపించడం సహజం. సీఈసీ, ఎంఈసీ విద్యార్థులు జంటపద్దు విధానం (డబుల్ ఎంట్రీ), చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వంటివాటిని ఇంటర్‌లోనే చూసి ఉంటారు. అయితే డిగ్రీ ఫైనాన్షియల్ అకౌంటింగ్ మళ్లీ మొదటి మెట్టు నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ తేడా ఎక్కువ కాలం నిలవదు. తరగతులు మొదలయ్యేలోగా ఇంటర్ మొదటి సంవత్సరం కామర్స్ పుస్తకంలో గణకశాస్త్రం భాగాన్ని ఒకసారి చదివి, చిన్న చిట్టా పద్దులు చేతితో రాసి చూసుకుంటే చాలు. ఆ తరువాత సాంఖ్యకశాస్త్రం, సి ప్రోగ్రామింగ్ వంటి పాఠాలు వచ్చేసరికి ఎంపీసీ వారికే కొంత సులువుగా ఉంటుంది. బైపీసీ చదివినవారు గణితం గురించి భయపడనవసరం లేదు. మొదటి ఏడాది లెక్కలకు శాతాలు, నిష్పత్తులు, కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేయగలిగితే సరిపోతుంది.

బీకాం జనరల్ తీసుకోవాలా, కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకోవాలా?

అకౌంటింగ్, వ్యాపార వ్యవస్థ, వ్యాపార చట్టాలు రెండింటిలోనూ ఉంటాయి. కంప్యూటర్ అప్లికేషన్స్‌లో వాటితో పాటు సమాచార సాంకేతికత మూలాలు, ప్రోగ్రామింగ్, డేటాబేస్ వంటి పాఠాలు చేరతాయి. పేరు చూసి కాకుండా కళాశాల ల్యాబు చూసి నిర్ణయించుకోవాలన్నది మా సలహా. ప్రవేశానికి ముందు ఒకరోజు వెళ్లి, ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయో, వారానికి ఎన్ని ల్యాబు పీరియడ్లు నిజంగా జరుగుతాయో రెండో ఏడాది విద్యార్థులను అడగండి. ల్యాబు లేని కంప్యూటర్ కోర్సు బట్టీకే పరిమితమవుతుంది. అలాంటి చోట జనరల్ తీసుకుని, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ, ఎక్సెల్ విడిగా నేర్చుకోవడమే మంచిది.

పదో తరగతి, ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ అంతా ఇంగ్లిష్ అంటున్నారు. నెట్టుకురాగలనా?

నెట్టుకురావడమే కాదు, బాగా చదవగలరు. అయితే మొదటి సెమిస్టర్‌లో పద్ధతిగా పనిచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లిష్ మీడియంలోనే అందించాలని ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణలో చేరేవారు తమ కళాశాలలో ఏ మీడియం ఉందో దరఖాస్తు సమయంలోనే చూసుకోవాలి.

విషయాన్ని తెలుగులో అర్థం చేసుకుని, జవాబును ఇంగ్లిష్‌లో రాయడం అలవాటు చేసుకోండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు, 1982లో మొదలైన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాలు ఇందుకు ఎంతో ఉపయోగపడతాయి. ఒక నోటుబుక్కులో పేజీకి మధ్య గీత గీసి, ఎడమ వైపు తరగతిలో విన్న ఇంగ్లిష్ పదం, కుడి వైపు దానికి తెలుగు పదంతో పాటు మీ సొంత ఉదాహరణ రాసుకోండి. అకౌంటింగ్‌లో జవాబు ప్రధానంగా అంకెలతో, స్థిరమైన కొద్దిపాటి మాటలతో నడుస్తుంది కాబట్టి తెలుగు మీడియం విద్యార్థులకు ముందుగా ధైర్యం వచ్చే పాఠం అదే. ఆర్థికశాస్త్రంలో వాక్యాలు రాయాలి. రోజుకు ఒక చిన్న పేరా చొప్పున రాసి అధ్యాపకులకు చూపిస్తే పరీక్షల నాటికి చేయి తిరుగుతుంది.

సీటు కోసం కళాశాలకే వెళ్లి దరఖాస్తు ఇవ్వాలా?

తెలంగాణలో చాలా కళాశాలల సీట్లు 2016లో మొదలైన ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి నిర్వహించే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా భర్తీ అవుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కళాశాల పేరు ఒక్కటే కాదు, కోర్సు పేరు, మీడియం కూడా సరిచూసుకోండి. ఒకే కళాశాలలో మూడు నాలుగు రకాల బీకాం ఉంటాయి, తొందరలో పక్క గడి నొక్కి తరువాత బాధపడేవారు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

## మొదటి నెలలు: లెక్కలు, వ్యాపార వ్యవస్థ

బ్యాంకులో డబ్బు వేస్తే క్రెడిట్ అయిందని మెసేజ్ వస్తుంది. క్లాసులో మాత్రం డబ్బు వస్తే డెబిట్ అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. పుస్తకం ఎవరిదన్నదే తేడా. మీ పాస్‌బుక్ మీ చేతిలో ఉన్నా, అది బ్యాంకు తన ఆవర్జాలో మీ పేరిట రాసుకున్న ఖాతాకు నకలు. మీరు రూ.5,000 జమ చేస్తే బ్యాంకు ఆ మొత్తం మీకు బాకీ పడినట్టు. బ్యాంకు దృష్టిలో మీరు ఇచ్చిన వ్యక్తి. ఇచ్చే వ్యక్తి ఖాతాకు క్రెడిట్ చేయాలి కాబట్టి మీకు క్రెడిట్ అని మెసేజ్ వచ్చింది.

ఇదే రూ.5,000ను మీరు మీ సొంత పుస్తకంలో రాస్తే బ్యాంకు పుచ్చుకున్న వ్యక్తి అవుతుంది. కాబట్టి బ్యాంకు ఖాతాకు డెబిట్, చేతిలోంచి పోయిన నగదు ఖాతాకు క్రెడిట్. ఒకే వ్యవహారం ఇద్దరి పుస్తకాల్లో ఎదురెదురు వైపుల పడుతుంది. ఏ లెక్క మొదలుపెట్టినా ‘ఇది ఎవరి పుస్తకం?’ అని ముందు అడగడం అలవాటు చేసుకుంటే మొదటి ఏడాది తికమక చాలావరకు అక్కడే తీరుతుంది.

డెబిట్, క్రెడిట్ సూత్రాలు మూడూ బట్టీ పడితే సరిపోదా?

సూత్రాలు నోటికి రావాలి, కానీ అవి పనికొచ్చేది ఖాతా ఏ రకానిదో గుర్తించిన తరువాతే. వ్యక్తిగత ఖాతాలో పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాలో వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్. నామమాత్రపు ఖాతాలో ఖర్చులు, నష్టాలు డెబిట్, ఆదాయాలు, లాభాలు క్రెడిట్. అద్దె రూ.3,000 నగదుగా చెల్లించారనుకోండి. అద్దె ఖర్చు కాబట్టి నామమాత్రపు ఖాతా, డెబిట్. నగదు ఆస్తి కాబట్టి వాస్తవిక ఖాతా, బయటికి పోయింది, క్రెడిట్. అదే అద్దె ఇంకా చెల్లించవలసి ఉంటే, ‘చెల్లించవలసిన అద్దె’ ఇంటి యజమానికి ప్రతినిధి అయిన వ్యక్తిగత ఖాతా అవుతుంది. పేరులో అద్దె ఉందని ఖర్చుగా రాసేయడం వల్ల పోయే మార్కులు చాలా ఎక్కువ. ప్రతి వ్యవహారానికీ రెండు ఖాతాలు ఏమిటి, ఒక్కొక్కటి ఏ రకం, ఏ సూత్రం వర్తిస్తుంది అన్నది వరుసగా రాసుకుంటూ మొదటి నెల సాధన చేయండి.

అంకణా రెండు వైపులా సరిపోయింది. ఇక తప్పులు లేనట్టే కదా?

అలా అనుకోకూడదు. డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సమానమని మాత్రమే అంకణా చెబుతుంది. ఒక వ్యవహారాన్ని రాయడమే పూర్తిగా మరిచిపోతే రెండు వైపులా తగ్గుతుంది, అంకణా సరిపోతుంది. దుకాణంలో వాడుకోవడానికి కొన్న ఫ్యానును సరుకుల కొనుగోళ్లలో రాస్తే అది సూత్రపరమైన దోషం, అప్పుడూ సరిపోతుంది. ఒక ఖాతాలో వంద ఎక్కువ, ఎదుటి వైపు మరో ఖాతాలో వంద ఎక్కువ పడినా అంతే.

అంకణా సరిపోనప్పుడు వెతకడానికి ఒక క్రమం ఉంది. ముందు కూడికలు మళ్లీ చేయండి. తేడాను రెండుతో భాగించి, వచ్చిన మొత్తం ఏ ఖాతాలోనైనా తప్పు వైపున పడిందేమో చూడండి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 540కి బదులు 450 రాస్తే తేడా 90 వస్తుంది. ఇవన్నీ చూసినా దొరకనప్పుడే, తేడాను తాత్కాలికంగా ఉంచే అనామతు ఖాతాకు (సస్పెన్స్ అకౌంట్) వెళ్లాలి.

నగదు చిట్టాలో (క్యాష్‌బుక్) బ్యాంకు నిల్వ ఒకటి, పాస్‌బుక్‌లో ఇంకొకటి ఎందుకు ఉంటుంది?

ఒకే వ్యవహారాన్ని ఇద్దరు వేర్వేరు రోజుల్లో రాసుకోవడమే ప్రధాన కారణం. మార్చి 31న నగదు చిట్టా ప్రకారం నిల్వ రూ.18,000 ఉందనుకుందాం. సరుకులు పంపినవారికి మీరు రూ.4,000 చెక్కు ఇచ్చి, అదే రోజు మీ పుస్తకంలో తగ్గించేశారు. వారు ఇంకా బ్యాంకుకు వెళ్లలేదు. కాబట్టి బ్యాంకు దగ్గర ఆ రూ.4,000 అలాగే ఉంది. ఇటు బ్యాంకు రూ.150 ఛార్జీలు పట్టుకుంది, ఆ సంగతి మీకు తెలియదు. 18,000కు 4,000 కలిపి 150 తీసేస్తే రూ.21,850, పాస్‌బుక్‌లో కనిపించేది అదే. కలపాలా తీసేయాలా అన్నది బట్టీ పట్టవద్దు. ఈ అంశం వల్ల పాస్‌బుక్ నిల్వ నగదు చిట్టా కంటే ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అని అడిగితే జవాబు దానంతటదే వస్తుంది.

భాగస్వామ్య సంస్థలో భాగస్థులు గరిష్ఠంగా 20 మంది అని మా అన్నయ్య పుస్తకంలో ఉంది, మేడం 50 అంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి?

50 అని రాయాలి. 20 అన్నది పాత కంపెనీల చట్టం కాలం నాటి పరిమితి. 2013 కంపెనీల చట్టం వంద దాటకుండా పరిమితి నిర్ణయించే అధికారం ఇచ్చింది, 2014 నిబంధనలు దాన్ని 50గా నిర్ణయించాయి. పాత పుస్తకాల్లో ఇలాంటివే మరో రెండు తరచుగా కనిపిస్తాయి: ప్రైవేటు కంపెనీలో సభ్యుల గరిష్ఠ సంఖ్య ఇప్పుడు 50 కాదు, 200, ప్రైవేటు కంపెనీకి లక్ష, పబ్లిక్ కంపెనీకి ఐదు లక్షల కనీస మూలధనం అన్న షరతును 2015 సవరణ తొలగించింది. చేతులు మారిన పుస్తకంలో సిద్ధాంతం నిశ్చింతగా చదవండి; చట్టానికి సంబంధించిన అంకెలను మాత్రం కొత్త ముద్రణతో సరిచూసుకోండి.

భాగస్వామ్య సంస్థను రిజిస్టర్ చేయించడం తప్పనిసరా?

1932 భాగస్వామ్య చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. కానీ రిజిస్టర్ కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివారి మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. బయటివారు మాత్రం ఆ సంస్థ మీద వేయగలరు. ఈ 69వ సెక్షను ఫలితాన్ని రాస్తేనే జవాబు పూర్తవుతుంది.

కంపెనీకి ‘శాశ్వత ఉనికి’ ఉంటుందంటారు. కంపెనీలు మూతపడుతూనే ఉన్నాయి కదా?

శాశ్వతం అంటే ఎన్నటికీ మూతపడదని కాదు, సభ్యుల జీవన్మరణాలతో దాని ఉనికికి సంబంధం లేదని అర్థం. ఆంధ్రా బ్యాంకు మనకు దగ్గరి ఉదాహరణ. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో దాన్ని స్థాపించారు. ఆయన 1959లో మరణించారు. బ్యాంకు యథావిధిగా నడిచింది. 1980లో జాతీయం అయి యాజమాన్యమే మారినా ఖాతాదారుల డిపాజిట్లు, అప్పులు కొనసాగాయి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనం కావడంతో ఆ పేరు పోయింది, అదీ చట్టప్రక్రియ ద్వారానే. సొంత వ్యాపారంలో యజమాని మరణిస్తే చట్టం దృష్టిలో ఆ వ్యాపారం అక్కడితో ముగుస్తుంది. వారసులు నడిపినా అది వారి వ్యాపారమే. భాగస్వామ్యంలో వేరే ఒప్పందం లేకపోతే ఒక భాగస్థుడి మరణంతో సంస్థ రద్దవుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రాస్తే పరీక్షకుడికి మీ అవగాహన స్పష్టంగా తెలుస్తుంది.

## ఆర్థికశాస్త్రం

డిమాండు మారడం, డిమాండు పరిమాణం మారడం రెండూ ఒకటే కదా?

కాదు. మామిడిపండ్ల ధర తగ్గినందువల్ల ఎక్కువ కొంటే అది డిమాండు పరిమాణంలో మార్పు. అదే రేఖ మీద ఒక బిందువు నుంచి మరో బిందువుకు జరుగుతాం. ధర అలాగే ఉండి, జీతాలు పెరిగినందువల్లో పెళ్లిళ్ల సీజను వచ్చినందువల్లో ఎక్కువ కొంటే అది డిమాండులో మార్పు. రేఖ మొత్తం కుడి వైపుకు జరుగుతుంది. కారణం ఆ వస్తువు ధరేనా, మరొకటా అన్నదే పరీక్ష. పటం గీసేటప్పుడు బాణం గుర్తు తప్పనిసరిగా పెట్టండి.

పంట బాగా పండితే రైతుకు లాభం రావాలి. మరి టమాటాలు రోడ్డు మీద ఎందుకు పారబోస్తున్నారు?

మొదటి ఏడాది ఆర్థికశాస్త్రంలో మన కళ్ల ముందు జరిగేదాన్ని ఇంతకంటే బాగా వివరించే పాఠం లేదు. టమాటా ధర సగానికి తగ్గినా ఏ ఇంట్లోనూ రెట్టింపు టమాటా వండుకోరు. అంటే ధర మారినంతగా డిమాండు మారదు. దీన్నే అవ్యాకోచ డిమాండు అంటారు. సరుకు మామూలు కంటే కొంచెం ఎక్కువ వస్తే దాన్నంతా అమ్ముడుపోయేలా చేయడానికి ధర చాలా ఎక్కువగా పడిపోవాలి.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. మదనపల్లె మార్కెట్‌కు ఒక రైతు 100 పెట్టెలు తెచ్చినప్పుడు పెట్టె రూ.500 పలికితే చేతికి రూ.50,000 వస్తుంది. అందరికీ బాగా పండి, అతను 130 పెట్టెలు తెస్తే పెట్టె రూ.300కు పడిపోయిందనుకుందాం, చేతికి వచ్చేది రూ.39,000. పంట 30 శాతం పెరిగింది, రాబడి 22 శాతం తగ్గింది. ఇందులోంచే కోత కూలీ, లారీ కిరాయి, మార్కెట్ కమిషన్ పోవాలి.

సరఫరా వైపు ఇంకో కారణం ఉంది. టమాటా నిలవ ఉండదు. ఆ రోజు మార్కెట్‌కు వచ్చిన సరుకు ఆ రోజే అమ్మాలి కాబట్టి అత్యల్పకాలంలో సరఫరా దాదాపు స్థిరం. పెట్టె ధర కోత, రవాణా ఖర్చులకు కూడా చాలనప్పుడు కోయకుండా వదిలేయడం, తెచ్చినదాన్ని పారబోసి పోవడం మరింత నష్టాన్ని తప్పించుకోవడమే. రైతు తెలివితక్కువతనం ఎంతమాత్రం కాదు. గుంటూరు మిర్చికి శీతల గిడ్డంగులు ఉన్నాయి కాబట్టి రైతు కొంతకాలం ఆగగలడు. నిలవ సౌకర్యం ఉన్న పంటకూ లేని పంటకూ తేడాను రాస్తే వ్యాకోచత్వం మీద ప్రశ్నకు పుస్తకంలో లేని మంచి జవాబు మీ దగ్గర ఉన్నట్టే.

ఆర్థికశాస్త్రానికి ఇచ్చిన నిర్వచనాలన్నీ ఎందుకు చదవాలి? ఒకటి సరిపోదా?

1776లో ఆడం స్మిత్ సంపద దృష్టితో, 1890లో మార్షల్ శ్రేయస్సు దృష్టితో, 1932లో రాబిన్స్ కొరత దృష్టితో ఈ శాస్త్రాన్ని చూశారు. ఒక్కొక్కరూ తమ ముందువారి లోటును పూరించే ప్రయత్నం చేశారు. ఆ వాదన నడిచిన తీరు అర్థమైతే వరుస దానంతటదే గుర్తుంటుంది. రాబిన్స్ నిర్వచనంలో అపరిమితమైన కోరికలు, పరిమితమైన సాధనాలు, ఆ సాధనాలకు ప్రత్యామ్నాయ ఉపయోగాలు అన్న మూడు అంశాల్లో ఏది వదిలేసినా మార్కు పోతుంది.

అమ్మ ఇంట్లో రోజంతా పనిచేస్తుంది. అది జాతీయాదాయంలో ఎందుకు లెక్కకు రాదు?

జాతీయాదాయం మార్కెట్లో ధర చెల్లించిన వస్తువులను, సేవలను లెక్కించే పద్ధతి. వంటమనిషికి జీతం ఇస్తే లెక్కకు వస్తుంది; అదే వంట అమ్మ చేస్తే చెల్లింపు లేదు కాబట్టి రాదు. ఆ పనికి విలువ లేదని దీని అర్థం కాదు. ఇది కొలత పద్ధతిలోని లోపమని ఆర్థికవేత్తలే అంగీకరిస్తారు. జాతీయాదాయం మదింపులో ఎదురయ్యే ఇబ్బందుల గురించి అడిగినప్పుడు ఈ ఉదాహరణ తప్పకుండా రాయండి.

## బీమా

ప్రీమియం కట్టి ఏమీ జరగకపోతే డబ్బు పోయినట్టే. ఇది జూదం లాంటిది కాదా?

కాదు, కారణం స్పష్టంగా తెలుసుకోవాలి. జూదం లేని నష్టభయాన్ని సృష్టిస్తుంది. బీమా అప్పటికే ఉన్న నష్టభయాన్ని పంచుతుంది. ఒక ఊరిలో పది లక్షల విలువైన ఇళ్లు వెయ్యి ఉన్నాయని, ఏడాదికి సగటున ఒక ఇల్లు కాలిపోతుందని అనుకోండి. ఒక్కొక్కరు రూ.1,000 వేసుకుంటే పది లక్షలు జమవుతాయి, కాలిన ఇంటి నష్టం పూడుతుంది. దీనికి నిర్వహణ ఖర్చులు కలిపితే ప్రీమియం అవుతుంది. ఇల్లు కాలనివారికి ఆ ఏడాది దక్కింది భరోసా.

పొరుగువారి ఇంటికి మీరు బీమా చేయలేకపోవడం కూడా ఇందుకే. వస్తువు పోతే తనకు ఆర్థిక నష్టం కలిగేవారికే బీమా చేయదగిన ఆసక్తి ఉంటుంది. అది లేని ఒప్పందం పందెంతో సమానం. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు.

ఇల్లు పది లక్షలది. ఆరు లక్షలకు బీమా చేశాను. రెండు లక్షల నష్టం జరిగితే మొత్తం ఇవ్వాలి కదా, ఆరు లోపే ఉంది?

పాలసీలో యావరేజ్ క్లాజు ఉంటే మొత్తం రాదు. ఆస్తి విలువలో పదింట ఆరు వంతులకే బీమా చేశారు, మిగిలిన నాలుగు వంతులకు మీరే బీమా సంస్థ అయినట్టు ఆ క్లాజు భావిస్తుంది. కాబట్టి రెండు లక్షల్లో పదింట ఆరు వంతులు, అంటే రూ.1,20,000 కంపెనీ ఇస్తుంది, రూ.80,000 మీరు భరించాలి. పరీక్షలో సూత్రం ఇలా గుర్తుంచుకోండి: నష్టాన్ని పాలసీ మొత్తంతో గుణించి, నష్టం జరిగిన నాటి ఆస్తి విలువతో భాగించాలి. అగ్నిప్రమాద క్లెయిముల లెక్కల్లో ఈ ఒక్క మెట్టు మరిచిపోయి పూర్తి నష్టాన్ని రాసేవారే ఎక్కువ.

రెండు కంపెనీల్లో పాలసీలు తీసుకుంటే రెండు చోట్లా పూర్తి డబ్బు వస్తుందా?

ఆస్తి బీమాలో రాదు. జరిగిన నష్టాన్ని పూడ్చడమే బీమా పని, దానిమీద లాభం చేసుకోనివ్వదు; ఇదే నష్టపరిహార సూత్రం. పది లక్షల ఇంటికి ఒక కంపెనీలో ఆరు లక్షలు, మరోదానిలో నాలుగు లక్షలు ఉంటే, రెండు లక్షల నష్టంలో మొదటిది రూ.1,20,000, రెండోది రూ.80,000 భరిస్తాయి. జీవిత బీమాకు ఈ సూత్రం వర్తించదు. మనిషి ప్రాణానికి వెల కట్టలేం కాబట్టి ఎన్ని పాలసీలు ఉంటే అన్నింటి మొత్తమూ కుటుంబానికి అందుతుంది.

షుగరు ఉన్న సంగతి చెప్పకుండా పాలసీ తీసుకుంటే ఏమవుతుంది?

బీమా ఒప్పందానికి పునాది పరమ విశ్వాసం. మీ ఆరోగ్యం సంగతి మీకే తెలుసు, కంపెనీకి తెలియదు. కాబట్టి ప్రీమియం నిర్ణయాన్ని ప్రభావితం చేసే ప్రతి వాస్తవాన్నీ ప్రతిపాదన పత్రంలో చెప్పాలి. దాచినట్టు తేలితే క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. 1938 బీమా చట్టం 45వ సెక్షనుకు 2015లో చేసిన సవరణ ప్రకారం, జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు నిండిన తరువాత దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఈ గడువును ఆసరా చేసుకుని నిజం దాచవచ్చని అర్థం చేసుకోకండి; ఆ మూడేళ్లలో జరగరానిది జరిగితే కష్టపడేది కుటుంబమే. ఇంట్లో ఎవరైనా పాలసీ తీసుకుంటుంటే, ఏజెంటు నింపిన పత్రాన్ని సంతకానికి ముందు మీరే చదివి వినిపించండి. చదువుకున్న పాఠానికి అంతకంటే మంచి ఉపయోగం లేదు.

ఎల్‌ఐసీ, ఐఆర్‌డీఏఐ రెండూ ఒకటేనా?

కాదు. ఎల్‌ఐసీ పాలసీలు అమ్మే సంస్థ. జీవిత బీమా వ్యాపారాన్ని జాతీయం చేసిన తరువాత 1956 సెప్టెంబరు 1న ఏర్పడింది. ఐఆర్‌డీఏఐ ఎల్‌ఐసీతో సహా బీమా సంస్థలన్నింటినీ నియంత్రించే వ్యవస్థ. 1999 చట్టం దీనికి ఆధారం. దీని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

## కంప్యూటర్

ఇంట్లో కంప్యూటర్ లేదు. ఈ పేపర్లు పాసవుతానా?

పాసవుతారు, కానీ ల్యాబు పీరియడ్ ఒక్కటీ వదులుకోకూడదు. ప్రోగ్రామును ముందు రోజే కాగితం మీద రాసి, ఒక్కొక్క వరుసకూ ఏ చలరాశిలో (విలువను దాచుకునే పేరు) ఏ విలువ ఉంటుందో పక్కన పట్టిక వేసుకుని ల్యాబుకు వెళ్లండి. అక్కడి సమయమంతా టైపు చేసి తప్పులు సరిదిద్దుకోవడానికే మిగులుతుంది. స్ప్రెడ్‌షీట్ సాధనకు ఫోనులో ఉచితంగా దొరికే యాప్‌లు కూడా పనికొస్తాయి.

సాధారణ వడ్డీకి సి ప్రోగ్రాం రాశాను. ఎర్రర్ ఏమీ లేదు కానీ జవాబు తప్పు వస్తోంది. ఎందుకు?

దాదాపు ప్రతిసారీ కారణం చలరాశులను ‘ఇంట్’గా, అంటే పూర్ణాంకాలు మాత్రమే పట్టేవిగా, ప్రకటించడమే. అసలు 1,050, వడ్డీ రేటు 7, కాలం 1 సంవత్సరం అనుకోండి. రావలసింది రూ.73.50, మీ ప్రోగ్రాం 73 చూపిస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సి భాష దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. రేటును ముందుగా వందతో భాగించి తరువాత అసలుతో గుణించేలా రాస్తే ఇంకా ఘోరం: ఏడును వందతో భాగిస్తే పూర్ణాంక ఫలితం సున్నా, దాన్ని దేనితో గుణించినా సున్నాయే.

పాత టర్బో సి వాడే ల్యాబుల్లో మరో చిక్కు ఎదురవుతుంది. అక్కడ ఇంట్ 32,767 వరకే పడుతుంది. అసలు 10,000, రేటు 7 ఇస్తే మధ్యలో వచ్చే 70,000 అందులో పట్టదు. 65,536 పోగా మిగిలిన 4,464ను వందతో భాగించి 44 అని చూపిస్తుంది. రావలసింది 700. చలరాశులను ‘ఫ్లోట్’గా, అంటే దశాంశాలు కూడా పట్టేవిగా, ప్రకటిస్తే రెండు సమస్యలూ తీరతాయి. ఏ ప్రోగ్రాం రాసినా జవాబు ముందే తెలిసిన అంకెలు ఒకసారి ఇచ్చి సరిచూడటం అలవాటు చేసుకోండి.

టాలీ నేర్చుకుంటే అకౌంటింగ్ వచ్చినట్టేనా?

రాదు. టాలీలో ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్6 రసీదు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకాలు, ఎఫ్9 కొనుగోళ్ల వోచరు (వ్యవహారాన్ని నమోదు చేసే పత్రం) తెరుచుకుంటాయి. కానీ ముందున్న బిల్లు ఏ వోచరులోకి వెళ్లాలో, ఆ ఖాతాను ఏ గ్రూపులో తెరవాలో మీరే నిర్ణయించాలి. కొత్త ఫర్నిచరును ఖర్చుల గ్రూపులో పెడితే టాలీ అభ్యంతరం చెప్పదు; లాభం తప్పుగా వచ్చి, ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తి కనిపించకుండా పోతుంది. ముందు చేతితో ముగింపు లెక్కలు తయారు చేయగలిగి, అవే వ్యవహారాలను టాలీలో నమోదు చేసి రెండూ సరిపోల్చుకోవడమే సరైన క్రమం.

ఎక్సెల్‌లో ఎంతవరకు నేర్చుకోవాలి?

మొదటి ఏడాదికి కూడిక, సగటు, ‘ఇఫ్’, ‘వీలుకప్’ ఫార్ములాలు, డేటాను క్రమంలో పెట్టడం, వడబోయడం చాలు. వీటితో పాటు ఫార్ములాను కిందికి లాగినప్పుడు గడి మారకుండా డాలర్ గుర్తుతో బిగించడం తప్పక నేర్చుకోండి. పన్ను రేటు ఒకే గడిలో ఉండి, వంద బిల్లులకు లెక్క కట్టవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

## పరీక్షల ముందు

అకౌంటింగ్ పేపరులో సమయం చాలడం లేదు. ఏం చేయాలి?

ఇంట్లో లెక్క చదవడం మాని, గడియారం పెట్టుకుని చేయండి. సాధించిన సమస్యను కళ్లతో చూస్తే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది; తెల్ల కాగితం ముందు పెట్టుకుంటే ఏది రాదో తెలుస్తుంది. పరీక్షలో సర్దుబాట్లను ముందుగా పెన్సిలుతో గుర్తించుకుని, ప్రతి సర్దుబాటుకూ రెండు చోట్ల ప్రభావం ఉంటుందని గుర్తుంచుకోండి. ఆస్తి అప్పుల పట్టీ సరిపోకపోతే అక్కడే కూర్చోవద్దు. విభాగాలకు విడిగా మార్కులు ఉంటాయి, తరువాతి ప్రశ్నకు వెళ్లి చివర్లో తిరిగి రండి. వర్కింగ్ నోట్సు తప్పక చూపండి.

మొదటి సెమిస్టర్‌లో అకౌంటింగ్ పోయింది. ఏడాది వృథా అయినట్టేనా?

కాదు, తరువాతి సెమిస్టర్ చదువుతూనే బ్యాక్‌లాగ్ రాసుకోవచ్చు. కానీ తరువాతి సెమిస్టర్ల అకౌంటింగ్ మొదటిదాని మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, పరీక్ష వచ్చే దాకా ఆగకుండా చిట్టా నుంచి ముగింపు లెక్కల దాకా వెంటనే మళ్లీ సాధన చేయండి. ఫలితం మీద అనుమానం ఉంటే రీవాల్యుయేషన్ గడువు దాటిపోకుండా చూసుకోండి.

## ఆ తరువాత

సీఏ చేయాలని ఉంది. ఇప్పుడే మొదలుపెట్టాలా, బీకాం అయ్యాకా?

రెండు దారులూ ఉన్నాయి. ఇంటర్ తరువాత ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. అందులో అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, వ్యాపార ఆర్థికశాస్త్రం అనే నాలుగు పేపర్లు ఉంటాయి. ఒక్కొక్కదానిలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. రెండో దారిలో, కామర్స్ డిగ్రీని 55 శాతంతో పూర్తి చేసినవారు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ స్థాయికి వెళ్లవచ్చు. మొదటి సెమిస్టర్ అకౌంటింగ్ మీకు ఇష్టంగా ఉందో లేదో చూసుకున్న తరువాత ఫీజు కట్టడం మంచిది. ఇంట్లో అప్పు చేసి కోచింగ్‌లో చేరవలసిన పరిస్థితి ఉంటే రెండో దారి తక్కువ భారం.

బీమా అంటే ఏజెంటు ఉద్యోగమేనా?

ఏజెంటు పని అందులో ఒకటి మాత్రమే. ప్రతిపాదనలు పరిశీలించి ప్రీమియం నిర్ణయించే అండర్‌రైటింగ్, క్లెయిముల పరిష్కారం, నష్టాన్ని మదింపు చేసే సర్వేయరు పని, కంపెనీల లెక్కల విభాగం కూడా ఉన్నాయి. ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ స్థాయిల్లో పరీక్షలు నిర్వహిస్తుంది. డిగ్రీ చదువుతూనే మొదటిది రాయవచ్చు. గణితం, సాంఖ్యకశాస్త్రం మీద నిజమైన పట్టు ఉన్నవారు నష్టభయాన్ని అంకెల్లో లెక్కగట్టే యాక్చువరీ వృత్తి వైపు చూడవచ్చు. దానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే ‘ఏసెట్’ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆ దారి కష్టం, ఏళ్లు పడుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ లేదా ఎంఈసీ చదివి బీకాంలో చేరినవారు మొదటి ఏడాదిలోనే దాని పాత ప్రశ్నపత్రాలు ఒకసారి చూసి, తమకు సరిపడుతుందో లేదో నిర్ణయించుకోవాలి.